ఎనిమిది సెకన్ల పరిశీలన

ప్రజాస్వామ్య చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక ప్రభుత్వం తన కంప్యూటర్ భాషను పోటీ పెట్టి, రుజువులు చూసి, ప్రజల సమక్షంలో ఎన్నుకోబోతోందని స్టర్జన్ బెండ్ కౌంటీ బోర్డు ఛైర్మన్ లోవెల్ ట్వేట్ ఆగస్టు రెండో మంగళవారం ఉదయం ప్రకటించారు. ఆ చారిత్రక ప్రకటన వినడానికి పదకొండు మంది వచ్చారు. వారిలో ఏడుగురు కుక్కల లైసెన్సు పని మీద వచ్చినవారు.

పన్నెండో మనిషి డ్వేన్ కోర్పెలా. తనంతట తాను రాలేదు, పిలిపించారు. కోర్టు భవనం అడుగున, బాయిలర్ పక్క గదిలో కూర్చుని ఇరవై రెండేళ్లుగా కౌంటీ వెబ్‌సైటును ఒంటిచేత్తో నడుపుతున్న ప్రోగ్రామర్ అతనే. సైటు వెనక పనిచేసేది పెర్ల్ అనే పాతకాలపు భాష. డ్వేన్‌కి క్షుణ్ణంగా వచ్చిన భాషలు మూడు: ఇంగ్లీషు, పెర్ల్, తాతగారి దగ్గర నేర్చుకున్న ఫిన్నిష్ తిట్లు. ఆ ఉదయం మూడోది మనసులోనే ధారాళంగా వాడుకున్నాడు.

ఛైర్మన్‌గారి ఆవేదనకు కారణం కౌంటీలో పసిపిల్లలకు కూడా తెలుసు. సరస్సులు గడ్డకట్టగానే మంచు మీద గుడిసెలు నిలబెట్టి, లోపల హీటరు పెట్టుకుని, కాళ్ల దగ్గర కన్నం తవ్వి చేపలు పట్టడం అమెరికాలో మినసోటా రాష్ట్రం ఉత్తరాన అందరూ చేసే పని. గుడిసెకు కౌంటీ పర్మిట్ కావాలి. డిసెంబరు ఒకటిన ఉదయం ఎనిమిదింటికి సైటు తెరుచుకుంటుంది. ఎనిమిదీ మూడుకి కుప్పకూలుతుంది. కిందటేడు నాలుగు వేలమంది కాఫీ చల్లారిపోయేదాకా తెర వంక చూస్తూ కూర్చున్నారు. ఈ నవంబరులో ఎన్నికలు.

"తప్పు మనది కాదు, మన భాషది," అన్నారు ఛైర్మన్‌గారు. 

కుక్కల లైసెన్సు వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

బరిలో ఐదు స్క్రిప్టింగ్ భాషలు నిలిచాయి: పెర్ల్, పీహెచ్‌పీ, పైథాన్, రూబీ, జావాస్క్రిప్ట్. బోర్డులో కమిషనర్లు కూడా ఐదుగురే కావడంతో, వార్డుకో భాష చొప్పున చీటీలు వేసి పంచారు. ఛైర్మన్‌గారి వార్డుకు జావాస్క్రిప్ట్ వచ్చింది. పెర్ల్ ఐదో వార్డుకు పోయింది. ఆ వార్డు కమిషనర్ తుంటి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నారు. తమకో భాష దక్కిందన్న సంగతి ఆయనకు మూడు వారాల దాకా ఎవరూ చెప్పలేదు.

గెలిచిన భాషలో సైటు మళ్లీ రాస్తారు. మిన్నియాపొలిస్ నుంచి వచ్చిన కన్సల్టెంట్ బ్రిన్ మెకాలిస్టర్ దాన్ని నడుపుతారు. మరి పెర్ల్ ఓడితే డ్వేన్ సంగతేమిటని ఎవరూ అడగలేదు. అయినా ఛైర్మన్‌గారు దయతలచి జవాబు చెప్పారు. తొమ్మిదో నంబరు రోడ్డులో కంకర క్వారీ ఉంది. అక్కడ లారీల కాటా గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

"నీకు అంకెలంటే ఇష్టం కదా డ్వేన్. అక్కడ పొద్దస్తమానం అంకెలే."

మెట్ల దగ్గర మార్లిస్ ఓబర్గ్ ఎదురైంది. పర్మిట్ల కౌంటరులో కూర్చునేదీ, బోర్డు మీటింగుల్లో మినిట్స్ రాసేదీ ఆమే. ముప్ఫై ఏళ్ల సర్వీసు. అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు, అవసరమైనదీ అడిగితే తప్ప చెప్పదు.

"కాటా గదికి కిటికీ ఉందట," అంది. "నీకిక్కడ అది కూడా లేదుగా."

డ్వేన్‌కి కిటికీ అక్కర్లేదు. బాయిలర్ గదిలో అతనికో కుర్చీ ఉంది. ఇరవై రెండేళ్లలో అది అతని ఆకారానికి తిరిగింది, అతను దాని ఆకారానికి తిరిగాడు. ఇప్పుడు దాన్ని వదిలి, యాభై ఎనిమిదో ఏట, లారీలు తూయాలి. అది తప్పాలంటే పెర్ల్ గెలవాలి. పెర్ల్ గెలుస్తుందని అనుకునేంత అమాయకుడేం కాదు.

సెప్టెంబరు మొదటి వారానికల్లా ఇళ్ల ముందు లాన్లలో బోర్డులు లేచాయి. 'ఈ ఇల్లు పైథాన్ ఇల్లు', 'రూబీ మన పిల్లల భవిష్యత్తు'. లూథరన్ చర్చి బేస్‌మెంటులో హాట్‌డిష్ అనే స్థానిక వంటకంతో విందు పెట్టి చర్చ జరిపారు. పీహెచ్‌పీ కష్టజీవుల భాష అని రెండో వార్డు కమిషనర్ కన్నీళ్లతో చెప్పారు. ఇందులో అమెరికాలో పుట్టిన భాషలేవని ఒక పెద్దాయన అడిగాడు. పెర్ల్, జావాస్క్రిప్ట్ అని డ్వేన్ చెప్పాడు. పీహెచ్‌పీ పుట్టుకలో గ్రీన్లాండ్ మనిషి చెయ్యి ఉందని కూడా చెప్పాడు. అప్పటి నుంచి నార్వే మూలాలవాళ్లు దాన్ని దూరపు చుట్టాల పిల్లలా చూడసాగారు. వెబ్‌సైటు ఎందుకు పడిపోతోందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మాటకొస్తే డ్వేన్ కూడా ఎప్పుడూ అడగలేదు. పడిపోవడం, లేపడం, ఏళ్ల తరబడి అదే అతని ఉద్యోగం.

మొదటి పరీక్ష కోర్టు భవనం హాల్లో, పెద్ద తెర మీద, జనం ముందు జరిగింది. ప్రతి భాషలోనూ 'హలో' అని మాత్రమే చెప్పే ఒక పేజీ. సెకనుకు ఎన్ని హలోలు చెప్పగలిగితే అంత గొప్ప. జావాస్క్రిప్ట్ ఇరవై ఒక్క వేలు చెప్పింది. పీహెచ్‌పీ తొమ్మిది వేలు. పైథాన్, రూబీ మూడు వేల దగ్గర తారట్లాడాయి. పెర్ల్ మూడొందల పది.

డ్వేన్‌కి తన పెర్ల్‌ని చూస్తే బడి ఆటల పోటీలో అందరికంటే వెనక పరుగెడుతూ, అయినా అమ్మ వైపు చెయ్యి ఊపే పిల్లవాడిలా అనిపించింది. తెర మీది ఆ అంకెలో కంకర లారీలు వరసగా కదులుతూ కనిపించాయి. లేచి నిలబడ్డాడు.

"ఛైర్మన్‌గారూ, మన సైటు హలో చెప్పదు. పర్మిట్ ఇస్తుంది."

ఛైర్మన్‌గారు బ్రిన్ వైపు చూశారు. ఆమె ఎప్పుడూ ల్యాప్‌టాప్‌ని పళ్లెంలా ఎడమచేతి మీద మోస్తూ నిలబడే మనిషి. కాసేపు ఆలోచించి, డ్వేన్‌గారు చెప్పిందే సరి అంది. "ఖాళీ గిన్నెలు ఎవరు గబగబా కడుగుతారో చూసి వంటమనిషిని పెట్టుకుంటున్నాం మనం. అసలు పర్మిట్ పేజీనే ఐదు భాషల్లోనూ రాసి చూడాలి. బటన్ నొక్కింది మొదలు పర్మిట్ చేతికొచ్చేదాకా ఎంతసేపు పడుతుందో అదే లెక్క."

ఆ పేజీలో ఏముందో భూమి మీద ఒక్క డ్వేన్‌కే తెలుసు. కాబట్టి ఐదింటిలోనూ అతనే రాయాలని తీర్మానించారు. ఉరితాడు పేనే పని దోషికే అప్పగించడంలో గొప్ప పొదుపు ఉందని ఛైర్మన్‌గారిని స్థానిక పత్రిక మెచ్చుకుంది.

డ్వేన్ మూడు వారాలు రాశాడు. నిజాయితీగా రాశాడు. ప్రోగ్రామర్ల కులధర్మం ఒకటుంది: పాత ప్రోగ్రాంలో ఒక లైను ఎందుకుందో తెలియకపోతే దాన్ని ముట్టుకోకూడదు, ఉన్నదున్నట్టు దింపాలి. దరఖాస్తుదారు పేరు గ్యారీ అయితే ఫోన్ నంబరు రెండుసార్లు అడగాలని ఒక లైనుంది. ఏ గ్యారీ, ఏం చేశాడు, ఎవరికీ గుర్తులేదు. డ్వేన్ అతన్ని పీహెచ్‌పీలోకి, పైథాన్‌లోకి, రూబీలోకి, జావాస్క్రిప్ట్‌లోకి భద్రంగా చేర్చాడు. చేతులు రాస్తున్నాయి, బుర్ర మధ్యాహ్నం తినబోయే వాలై చేప శాండ్‌విచ్ మీద ఉంది.

అక్టోబరులో రెండో పరీక్ష జరిగింది. ఫలితాలు తెర మీదికి వచ్చాయి. జావాస్క్రిప్ట్ 8.113 సెకన్లు. రూబీ 8.115. పైథాన్ 8.116. పీహెచ్‌పీ 8.117. పెర్ల్ 8.119.

ఐదు భాషలు, పుట్టిన దేశాలు వేరు, పెంచిన మనుషులు వేరు. అన్నీ ఎనిమిది సెకన్ల దగ్గర చేతులు పట్టుకుని నిలబడ్డాయి.

ఛైర్మన్‌గారు తొణకలేదు. సెకనులో వెయ్యింట రెండు వంతుల స్పష్టమైన ఆధిక్యంతో జావాస్క్రిప్ట్ గెలిచిందని ప్రకటించారు. రూబీ వార్డు రీకౌంట్ అడిగింది. రీకౌంట్‌లో రూబీ వెయ్యింట ఒక వంతు తేడాతో గెలిచింది. పైథాన్ వార్డు మూడోసారి లెక్కించాలంది. ఈసారి పైథాన్ గెలిచింది. న్యాయం అందరికీ జరిగింది గనక ఆఖరి పరీక్ష మరుసటి మంగళవారానికి వేశారు.

డ్వేన్‌కి నిద్ర పట్టాల్సిన వార్త ఇది. అందరూ సమానమైతే భాష మార్చనక్కర్లేదు, కుర్చీ వదలనక్కర్లేదు. కానీ మూడొందల పది ఎక్కడ, ఇరవై ఒక్క వేలు ఎక్కడ? వాటి మధ్య ఇంత సమానత్వం ప్రకృతిలో ఉండదు. డేటాబేసు చూశాడు, బాగానే ఉంది. కేబుళ్లు చూశాడు. సర్వరు వెనక దుమ్ము దులిపాడు. బుధవారం మధ్యాహ్నం భోజనం మానేసి, తను రాసిన ప్రోగ్రాంనే, ఎవరో రాసినట్టుగా మొదటి నుంచి చదివాడు.

రెండు వందల పన్నెండో లైను. 'ఎనిమిది సెకన్లు ఆగు'. పక్కన తన సొంత మాటల్లో ఒక గమనిక: 'ఛైర్మన్‌గారి మాట. ఎందుకని అడక్కు. డి.కె.'

మిగతా నాలుగూ తెరిచాడు. నాలుగింటిలోనూ ఎనిమిది సెకన్లు ఆగమనే ఉంది. గమనికతో సహా దించాడు. సంతకంతో సహా.

అప్పుడు గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ల కిందట, సైటులో పర్మిట్లు ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలో, పర్మిట్ కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేసేది. జనం కౌంటరు దగ్గరికొచ్చి మార్లిస్‌ని నిలదీశారు. నొక్కానో లేదో ఇచ్చేశారు, అసలెవరైనా చదివారా అని. కౌంటీ అంటే ఆమాత్రం గౌరవం లేకపోతే ఎలా అని ట్వేట్‌గారు కిందికి దిగివచ్చి, ప్రభుత్వం కాస్త ఆలోచిస్తున్నట్టు కనిపించాలి అన్నారు. డ్వేన్ ఒక లైను రాసి, తెర మీద 'పరిశీలిస్తున్నాం' అని వచ్చేట్టు పెట్టి, ఆ సంగతే మర్చిపోయాడు.

ఆ ఎనిమిది సెకన్లలో జనం ఏం చేస్తారు? బటన్ మళ్లీ నొక్కుతారు. మళ్లీ నొక్కుతారు. నాలుగు వేలమంది ఇరవై నాలుగు వేలమంది అవుతారు. ఎనిమిదీ మూడుకి సైటు పడిపోతుంది. పద్నాలుగు డిసెంబర్లుగా పడిపోయిన సైటును తను లేపుతూ, జనం ఇచ్చిన మఫిన్లు వీరుడిలా అందుకున్నాడు. కాలు అడ్డం పెట్టిందీ తనే, చెయ్యి అందించిందీ తనే.

చెబితే తన పరువు పోతుంది. చెప్పకపోతే, ఇంకో రీకౌంట్‌లో ఏ వంతో అటూ ఇటూ అయి కుర్చీ పోతుంది. మూడో దారి ఒకటి కనిపించింది. అది మంచి దారి కాదని డ్వేన్‌కి తెలుసు. మంగళవారం ఉదయం ఆ లైను తీసేశాడు. పెర్ల్‌లో మాత్రమే.

ఆఖరి పరీక్షలో నాలుగు భాషలు యథావిధిగా 8.11 దగ్గర నిలిచాయి. పెర్ల్ 0.119.

పక్షవాతం వచ్చిందనుకున్న ముసలాయన లేచి నాట్యం చేసినంత పనైంది. ఐదో వార్డు కమిషనర్ చేతికర్రతో నేలమీద కొట్టి ఆనందించారు. డ్వేన్ వీపు మీద ఎంతమంది తట్టారో లెక్కలేదు. బ్రిన్ మాత్రం తట్టలేదు. ల్యాప్‌టాప్ పళ్లెం మీద ఐదు ప్రోగ్రాంలు పెట్టుకుని అతని వెనకే కారిడార్‌లోకి వచ్చింది.

"రెండు వందల పన్నెండు," అంది.

డ్వేన్ గోడకున్న పార్కుల మ్యాపు వైపు చూశాడు.

"నేను రిపోర్టులో రాస్తే అది మోసం కింద వస్తుంది, డ్వేన్‌గారూ. మీరే చెప్తే పొరపాటు కింద పోతుంది. వారం టైముంది, ఆలోచించుకోండి."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. సిగ్గుగా ఉంది నాకు కూడా. ఇన్నాళ్లూ ఐదు భాషల నిద్రని కొలుస్తున్నాను."

వారం తర్వాత బోర్డు మీటింగులో, పౌరులు మాట్లాడేందుకిచ్చే మూడు నిమిషాల్లో డ్వేన్ మైకు ముందుకొచ్చాడు. మార్లిస్ లూన్ పిట్ట ఆకారంలో ఉన్న వంటింటి టైమరు తిప్పి పెట్టింది. డ్వేన్ అంతా చెప్పాడు. లైను తనదే, మర్చిపోయిందీ తనే, ఐదు చోట్ల రాసిందీ, ఒకచోట తీసిందీ తనే. ఏ భాషా నెమ్మది కాదు, ఏ భాషా గొప్ప కాదు. అన్నింటిలోంచీ ఆ లైను తీసేస్తే డిసెంబరులో సైటు నిలబడుతుంది. తన కుర్చీ ఉన్నా పోయినా ఆ ఒక్క పని చేయనివ్వమన్నాడు. ఇంకా నిమిషంన్నర మిగిలింది. పిట్ట టిక్కుటిక్కుమంటోంది.

ఛైర్మన్‌గారు కళ్లజోడు తీసి తుడిచారు. సభలో అందరికీ ఆయన మీద జాలి కలిగింది. మార్లిస్ అడగకుండా మాట్లాడదు గనక ఆయనే అడిగారు, దీని మీద రికార్డు ఏమైనా ఉందా అని.

ఉందంది. లేచి వెళ్లి పద్నాలుగేళ్ల కిందటి మినిట్స్ పుస్తకం తెచ్చి చదివింది.

"నలభై ఏడో తీర్మానం. కౌంటీ కంప్యూటరు ద్వారా జారీ అగు ప్రతి అనుమతి పత్రమును, ప్రతి చీటీని జారీకి పూర్వము ఎనిమిది సెకన్లకు తగ్గకుండా సమగ్ర పరిశీలన చేయవలెను. ప్రతిపాదించినవారు ట్వేట్. చర్చ లేదు. ఏకగ్రీవం." 

ఆ రోజు చదవకుండా గంపగుత్తగా ఆమోదించిన పద్దెనిమిది అంశాల్లో అది పదకొండోది. పన్నెండోది పార్కు బెంచీల రంగు.

ఛైర్మన్‌గారి ముఖంలో కళ వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్నారు.

"అంటే డ్వేన్, నీ పెర్ల్ పోయిన మంగళవారం మూడొందల పర్మిట్లు పరిశీలించకుండా ఇచ్చేసిందన్నమాట."

"అవి ఉత్త పరీక్ష పర్మిట్లండీ."

"పరీక్షలోనే పరిశీలించనిది రేపు నిజంగా పరిశీలిస్తుందని ప్రజలెలా నమ్ముతారు?" ఆయన విలేకరి వైపు తిరిగారు. "మిగతా నాలుగు భాషలూ చట్టాన్ని అక్షరాలా పాటించాయి. రాసుకోండి."

పిట్ట గంట కొట్టింది.

పెర్ల్‌ని అనర్హురాలిగా ప్రకటించారు. చట్టం కోరిన ఎనిమిది సెకన్లకు అతి దగ్గరగా ఆగిన భాషగా జావాస్క్రిప్ట్‌ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. డ్వేన్ నిజాయితీని శ్లాఘిస్తూ ఒక తీర్మానం, అతన్ని తొమ్మిదో నంబరు రోడ్డుకు బదిలీ చేస్తూ ఇంకో తీర్మానం, రెండూ గంపగుత్తలో ఆమోదం పొందాయి. బ్రిన్ తన రిపోర్టులో ఆ లైను తీసేయమని మొదటి పేజీలోనే రాసింది. రిపోర్టును పరిశీలిస్తున్నారు.

డ్వేన్ అట్టపెట్టె పట్టుకుని మెట్లెక్కుతుంటే మార్లిస్ తలుపు తెరిచి పట్టుకుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"మినిట్స్ రాసింది నేనేగా."

"ఒక్క మాట చెప్పొచ్చుగా మార్లిస్."

"నువ్వెప్పుడైనా అడిగావా?" అంది. తలుపు వదలకుండానే, "ఆ ఎనిమిది సెకన్లు పెట్టాక కౌంటరు దగ్గర నామీద అరవడం మానేశారు, అది కూడా నిజమే," అంది.

'పరిశీలించే ప్రభుత్వం' అనే నినాదంతో ట్వేట్‌గారు భారీ మెజారిటీతో గెలిచారు. డిసెంబరు ఒకటిన కొత్త భాషలో సైటు ఉదయం ఎనిమిదింటికి తెరుచుకుని ఎనిమిదీ నాలుగుకి పడిపోయింది. మూడు నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకు, అంటే ఒక్క ఏడాదిలో ముప్ఫై మూడు శాతం ప్రగతి అని ఛైర్మన్‌గారు ప్రకటించారు.

అదే రోజు డ్వేన్ కాటా గదిలో చేరాడు. కిటికీ నిజంగానే ఉంది. హీటరు కూడా మంచిదే. కుర్చీ ఇంకా ఎవరి ఆకారానికీ తిరగలేదు. మంచు పట్టిన రోడ్ల మీద వేసే ఇసుక, కంకర ఎత్తుకుని మొదటి లారీ వచ్చి కాటా మీద ఆగింది. డ్రైవరు వెర్న్ దిగి కిటికీ దగ్గరికొచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. డ్వేన్ బటన్ నొక్కాడు.

తెర మీద 'పరిశీలిస్తున్నాం' అని వచ్చింది.

డ్వేన్ మనసులోనే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్ల కిందట, అదే వారంలో, కాటాకు కూడా ఒక చిన్న ప్రోగ్రాం రాసివ్వమన్నారు. తొందరలో పర్మిట్ ప్రోగ్రాంలోంచే సగం దించేశాడు. ఆరు దాకా వచ్చేసరికి పేరు గ్యారీ అయితే ఏమవుతుందో కూడా గుర్తొచ్చింది. ఎనిమిది. చీటీ బయటికొచ్చింది. వెనక పదకొండు లారీలు, ఇంజన్లు ఆపకుండా, వరసలో ఓపిగ్గా నిలబడి ఉన్నాయి.

"ఎప్పుడూ ఇంతసేపు పడుతుందా?" అడిగాడు డ్వేన్.

"ఎప్పుడూ ఇంతే." వెర్న్ చీటీ మడిచి జేబులో పెట్టుకుని టోపీ తగిలించుకున్నాడు. "పక్క కౌంటీ కాటాలో నొక్కగానే ఇచ్చేస్తారు. వాళ్ల తూకం నేను నమ్మను."